రబ్బరు చిలకలు

2021 జూన్ మూడో తేదీ, గురువారం ఉదయం తొమ్మిది గంటలకు, యాంగోన్ నగరం లత టౌన్‌షిప్‌లో గాలాలు అమ్మే ఒక దుకాణంలో కనకరత్నం గాజు సీసా మూత తీసింది. అందులో ఉండవలసినవి వందకు పైగా రబ్బరు ఎరలు. ఎరలు లేవు. ముద్ద ఉంది.

సీసా బోర్లిస్తే ముద్ద రాలేదు. గరిటె కాడతో పొడిస్తే కాడకు అంటుకుంది.

దుకాణం ఫిబ్రవరి నుంచి మూసి ఉంది. సైన్యం అధికారం తీసుకున్న వారంలో ఆ వీధిలో అందరితోపాటు ఆమె కూడా షట్టర్ దించింది. తర్వాత ఊరేగింపులు జరిగాయి, వీధుల్లో అడ్డుకట్టలు కట్టారు, కాల్పులు జరిగాయి. బ్యాంకులు మూశారు. ఫోన్లలో ఇంటర్నెట్ ఆపేశారు. రేవులో సరుకు దిగడం తగ్గింది. జూన్ వచ్చేసరికి వీధిలో సగం దుకాణాలు తెరిచారు. కనకరత్నం తెరిచిన మొదటి రోజు అది. మొదటి బేరం ఏడుకొండలుది.

ఏడుకొండలు దలాలో ఉంటాడు. అది నదికి అవతలి ఒడ్డు. అతని తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి రంగూన్ రేవులో మూటలు మోశాడు. ఏడుకొండలు అదే రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. కనకరత్నం వాళ్లు కోమట్లు. ఆమె మామగారిది పప్పుల కొట్టు. భర్త దాన్ని తాళ్లు, వలలు, గాలాల కొట్టుగా మార్చి, కొన్నేళ్లు నడిపి పోయాడు. ఆమె నడుపుతోంది. ఆమె చేప తినదు, ముట్టుకోదు.

ఏడుకొండలు సీసాలోకి చూశాడు.

“ఏటి రత్నప్పా ఇది? హల్వా వండీసినావా?”

“నోరు ముయ్యి. బోణీ బేరం. అపశకునం మాటలు ఆడకు.”

“నానేటాడినాను? సీసాయే ఆడతంది. పేకెట్లేవి?”

“పారేశాను.”

“ఎందుకూ?”

“పేకెట్లో దాచిన సరుకు ఎవడు కొంటాడు తమ్ముడూ? కందిపప్పయినా, కర్పూరమయినా సీసాలో కనబడాలి. చూస్తే నోరూరాలి.”

“నోరూరాల్సింది సేపకి గదా!”

రబ్బరు ఎరల్లో రెండు జాతులున్నాయి. ఒకటి మెత్తగా ఉండి, లాగితే తెగుతుంది. ఇంకొకటి లాగితే మూరెడు సాగుతుంది. రెండూ ఒకచోట ఉంటే ఒకదాన్ని ఒకటి కరిగించుకుంటాయి. ఆ సంగతి పేకెట్ మీద ఇంగ్లీషులో, జపానులో రాసి ఉంటుంది. కనకరత్నం జనవరిలో రెండు జాతుల పేకెట్లనూ కత్తిరించి, పప్పులు పోసినట్టు ఒకే సీసాలో పోసింది. నాలుగు నెలలు మూత పెట్టి ఉంది.

“ఇంకో సీసా నేదా?”

“లేదు. బేంకాక్ నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో వాళ్లకీ తెలీదు.”

ఏడుకొండలు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆదివారంలోగా అతను ఒక పండుగప్పను పట్టాలి. బర్మావాళ్లు దాన్ని కకదిత్ అంటారు. నది సముద్రంలో కలిసే చోట తిరిగే చేప.

అతని చెల్లెలు అప్పలనరసమ్మకు పద్మిని ఒక్కతే కూతురు. పద్మినికి మే ముప్పయిన పెళ్లయింది. వరుడు కృష్ణకుమార్ లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో మిషన్ల మెకానిక్. అక్కడ మార్చిలో మార్షల్ లా పెట్టారు. అతని ఫ్యాక్టరీ మూతపడింది. పతేన్ అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ రమ్మంది. సోమవారం బస్సుకు ఇద్దరికీ టికెట్లు తీశారు. మళ్లీ ఎప్పుడు వస్తారో ఎవరూ చెప్పడం లేదు.

రేవు కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. అల్లుడు అత్తవారింట తినే మొదటి భోజనంలో చేప తల వడ్డిస్తారు. ఆ చేపను పిల్ల మేనమామ గాలం వేసి పట్టాలి. బజారులో కొన్నది పనికిరాదు. వల వేసి పట్టిందీ పనికిరాదు. చేప లేకపోతే అన్నం పెట్టరా అంటే పెడతారు. ముందు గదిలో, వచ్చిపోయే మనిషికి పెట్టినట్టు పెడతారు. లోపల పీట వెయ్యరు. పీట వెయ్యని అల్లుడు చుట్టమే తప్ప ఇంటి మనిషి కాడు. అప్పలనరసమ్మ పెళ్లికి వాళ్ల మేనమామ పట్టిన చేప ఎంతది అన్న దాని మీద ఇంట్లో ఇప్పటికీ తగువు ఉంది.

భోజనం ఆదివారం మధ్యాహ్నం అనుకున్నారు.

మామూలుగా ఏడుకొండలు బతికిన రొయ్యను గాలానికి గుచ్చి, తెల్లవార్లూ పడవలో కూర్చునేవాడు. ఇప్పుడు కర్ఫ్యూ ఉంది. నదిలో పడవ నిలపనివ్వడం లేదు. తెల్లవారాక, దలాలో మూతపడిన డాక్‌యార్డు గోడ మీద నిలబడి, పోటు తిరిగే గంటసేపు వెయ్యాలి. అంతే దొరుకుతుంది. ఆ గంటలో రొయ్య వేస్తే ముందు జెల్లలు తింటాయి, తర్వాత పీతలు తింటాయి. రబ్బరు ఎర జెల్లకు అక్కర్లేదు. కదిలేదాన్ని వెంటాడేది పండుగప్ప. పదేళ్ల కింద విదేశీయులు గాలాల సరదాకు వచ్చినప్పుడు వాళ్లను పడవలో తిప్పి ఏడుకొండలు ఈ పని నేర్చుకున్నాడు.

“సరే. ముందు దారం సూపించు,” అన్నాడు.

కనకరత్నం రెండు ఉండలు బల్ల మీద పెట్టింది. ఒకటి నైలాన్. రెండోది అల్లిన దారం, దాన్ని పెట్టెలోంచి తీసింది. ఏడుకొండలు అల్లిన దారం కొస పంటితో పట్టి లాగాడు.

“ఇదివ్వు. ఇది సాగదు. సేప ముట్టుకుంటే సేతికి తెలుస్తాది. లావు నైలాన్ కూడా బారెడు కావాల.”

“దానికి ఇది చాలుగా. మళ్లీ నైలాన్ ఎందుకు?”

“పండుగప్ప మొప్ప మీద బుగ్గ పలక ఎలగుంటాదో తెలుసా నీకు?”

“నాకెందుకు తెలుస్తుంది!”

“కత్తిపీట. అల్లిన దారం దానికి తగిల్తే పుటుక్కున పోద్ది. అందుకని సివర బారెడు లావు నైలాన్ కడతారు. అది గీసుకున్నా బేగి తెగదు.”

లావు నైలాన్ రెండు చోట్ల ఉంది. ఒక ఉండ వీధి అద్దం వెనక వేలాడుతోంది. ఇంకొకటి గోడ అరలో, లక్ష్మీదేవి పటం ముందు, తలుపు వేసి ఉంది. ఏడుకొండలు అర వైపు చూశాడు.

“అది అమ్మవారిది,” అంది కనకరత్నం. “కొత్త సరుకు దిగితే మొదటి వస్తువు అమ్మకి. అమ్మడానికి లేదు. మా మామగారి నాటి నుంచీ అంతే.”

“గాలాలు, రబ్బరు సేపలూ పెట్టవా ఆ అమ్మకి?”

“సిగ్గులేదూ! దారం అంటే దారం. చేప బొమ్మ అమ్మవారి ముందు పెడతానా?”

ఆమె అద్దం వెనక ఉన్న ఉండ తీసింది. అది పసుపు రంగుకు తిరిగింది.

“బంగారంలా ఉంది చూడు.”

ఏడుకొండలు దాన్ని రెండు చేతులకూ చుట్టి లాగాడు. తెగలేదు. బారెడు కోయించుకున్నాడు.

గాలాలు ఎంచడానికి ఎక్కువ సేపు పట్టింది. సీసం తల ఉన్నవి వద్దన్నాడు. డాక్‌యార్డు గోడ కింద బురదలో ఇనుప ముక్కలు, చెట్ల వేళ్లు ఉన్నాయి, అవి తగులుకుంటాయి. మెడ వంగిన గాలం కావాలి. దాని మొన రబ్బరులో దాగుతుంది, చేప కరిచినప్పుడే బయటికి వస్తుంది. సన్నటివి వేళ్లతో వంచి చూసి పక్కన పెట్టాడు. లావు కమ్మివి రెండు తీసుకున్నాడు.

“రెండేనా?”

“ఒకటి సేపకి. ఒకటి నా మతిమరుపుకి.”

దారం ఉంది, గాలాలు ఉన్నాయి. ఎర లేదు. కనకరత్నం సీసా ముద్దలోకి గరిటె దింపి అడుగు దాకా తవ్వింది. అడుగున మెత్తటి జాతి ఎరలు ఇరవై దాకా కరగకుండా ఉన్నాయి. జనవరిలో ముందు పోసింది వాటినే. కొన్నిటికి తోకల్లేవు, కొన్నిటికి తలల్లేవు.

“కాస్తే మళ్లీ కరుగుతాయా ఇవి?”

“కరుగుతాయి. దేన్లో పోస్తావు? సేప అచ్చు నీ కొట్లో ఎక్కడిది?”

ఆమె మేడ మీదికి వెళ్లింది. ఇల్లు అక్కడే. తిరిగి వచ్చినప్పుడు చేతిలో పంచదార చిలకలు పోసే అచ్చు ఉంది. టేకుది, రెండు చెక్కలు కలిపి తాడుతో కట్టేది. ఆమె అత్తగారిది. పద్మిని సారెలో పెట్టడానికి ఆ ఉదయమే నాలుగు చిలకలు పోసి, అచ్చు కడిగి ఆరబెట్టింది.

ఏడుకొండలు అచ్చు తిప్పి చూశాడు.

“సిలక సేపకి ఎరేటి అప్పా?”

“తోక ఉంది కదా.”

“ముక్కూ ఉంది.”

“ముక్కు కోసెయ్యి.”

“రేపు నీ మనవడి పెళ్లికి ఇందులోనే గదా పంచదార పోస్తావు. మైలపడిపోదా?”

కనకరత్నం అచ్చు వెనక్కి తీసుకుంది.

“చేప అచ్చుకి తగలదు. రబ్బరు తగుల్తుంది. రబ్బరు శాకాహారమే.”

పెరట్లో బొగ్గుల కుంపటి వెలిగించారు. గిన్నె ఆమె ఇచ్చింది. ఫిబ్రవరిలో రాత్రి ఎనిమిదింటికి వీధంతా సైన్యాన్ని నిరసిస్తూ గిన్నెలు వాయించినప్పుడు ఆమె వాయించిన గిన్నె అది. అడుగు సొట్టలు పడి వంటకు పనికిరాకుండా పోయింది. పారెయ్యలేదు. అచ్చుకు లోపల నువ్వుల నూనె రాశారు.

రబ్బరు పొగ పక్కింటికి వెళ్లింది. ఆ ఇంటి డా ఖిన్ కిటికీ తీసి బర్మీస్‌లో అరిచింది. మార్చిలో వీధి మొగలో టైర్లు కాల్చారు. ఆ వాసన వస్తే వెనకే సైనికుల లారీలు వస్తాయని వీధిలో అందరికీ తెలుసు.

“టైర్లు కాదు,” అని కనకరత్నం బర్మీస్‌లోనే చెప్పింది. “చిలకలు.”

డా ఖిన్ కిటికీ వేసుకుంది. మళ్లీ తీసింది. “ఏం చిలకలు?” అంది. తర్వాత తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వచ్చి చూసి, విసనకర్ర అందుకుని కుంపటి విసిరింది.

ఆరు చిలకలు వచ్చాయి. రెండు బుడగలు పట్టి పాడయ్యాయి. మిగిలినవి పచ్చగా, నల్లటి చారలతో ఉన్నాయి. ఏడుకొండలు బ్లేడుతో ముక్కులు కోశాడు. తోకలు రెండు వైపులా చెక్కి పలచన చేశాడు. ఒకదానికి దారం కట్టి బకెట్ నీళ్లలో లాగాడు. తోక ఆడింది. ముగ్గురూ బకెట్ మీదికి వంగి చూశారు.

“ఇది చిలకలాగా లేదు, చేపలాగా లేదు,” అంది డా ఖిన్.

“చేపకి బర్మీస్ రాదులే, నీ మాట నమ్మదు,” అంది కనకరత్నం.

శుక్రవారం వాన పడింది. డాక్‌యార్డు గోడ మీదికి నీళ్లొచ్చాయి. ఏడుకొండలు వెళ్లలేదు.

శనివారం తెల్లవారాక వెళ్లాడు. పోటు ఆగి పాటు మొదలయ్యే వేళ. మూడోసారి విసిరినప్పుడు చేప పట్టింది. ఒకసారి నీళ్లపైకి ఎగిరి తల విదిలించింది. అతనికి దాని వెండి డొక్క కనబడింది. రెండోసారి ఎగరలేదు, అడుగుకు దిగి లాగింది. దారం వదులైంది. చుట్టి చూస్తే అల్లిన దారం మొత్తం ఉంది. చివర నైలాన్ జానెడు మిగిలింది. చిలక, గాలం లేవు.

అతను గోడ మీదే కూర్చుని కనకరత్నానికి ఫోన్ చేశాడు. ఇంటర్నెట్ లేకపోయినా మాటలు వెళ్తున్నాయి.

“పట్టింది. పోనాది.”

“ఎక్కడ తెగింది?”

“నీ బంగారం దగ్గిర.”

ఆమె వీధి అద్దం వైపు తిరిగింది.

“కోసినట్టు నేదప్పా. ఇరిగినట్టున్నాది. ఎండకి మగ్గిపోనాది. నానే సూసుకోవలసింది. పొడిగా లాగి సూసినాను, నీళ్లలో తడిపి ముడేసి లాగితే అప్పుడే తెలిసేది.”

“అద్దంలో పెట్టింది నేను.”

“కనబడాల గదా.”

“ఫెర్రీ ఎక్కి రా,” అంది ఆమె.

అతను మధ్యాహ్నం వెళ్లేసరికి ఆమె స్నానం చేసి ఉంది. గోడ అర తలుపు తీసి ఉంది. లోపల దీపం పెట్టింది. అమ్మవారి ముందున్న నైలాన్ ఉండ మీద కుంకం ఉంది. అది మూడేళ్లుగా చీకట్లో ఉంది. పసుపు రంగుకు తిరగలేదు. కనకరత్నం పూల కత్తెరతో బారెడు కోసింది. నీళ్లలో ముంచి ముడి వేసి, ఒక కొస కిటికీ ఊచకు కట్టి, ఇద్దరూ లాగారు. ఊచ ఊగింది, దారం తెగలేదు.

ఏడుకొండలు జేబులో చెయ్యి పెట్టాడు.

“తియ్యకు,” అంది ఆమె. “అది అమ్మే సరుకు కాదని చెప్పానా? ఇచ్చాను. పెళ్లికూతురి మేనమామకి ఇచ్చాను. అమ్మడం వేరు, ఇవ్వడం వేరు.”

“అమ్మోరు ఒప్పుకుంటాదా?”

“అడిగాను. వద్దనలేదు.”

ఆదివారం ఉదయం దలా జెట్టీ దగ్గర సైనికుల లారీ ఆగి ఉంది. ఒక సైనికుడు ఏడుకొండలు సంచి విప్పమన్నాడు. దారం చూశాడు, గాలం చూశాడు, చిలకను రెండు వేళ్లతో ఎత్తాడు.

“ఇదేమిటి?”

“కకదిత్‌కి.”

సైనికుడు దాన్ని ఇంకో సైనికుడికి చూపించాడు. అతను తోక పట్టుకుని ఆడించాడు. తిరిగి సంచిలో వేశారు. గంటలో వెళ్లిపొమ్మన్నారు.

అతను మొదట విసిరినప్పుడు ఏమీ పట్టలేదు. రెండోసారి చిలక చెట్టువేరుకు తగిలి జారింది. గాలం మొన రబ్బరులోనే ఉంది కాబట్టి తగులుకోలేదు. చాలాసార్లు విసిరాడు. గంట కావస్తుండగా, వేరు పక్కనే, నీళ్లు చీలాయి. ఈసారి చేప ఎగిరినప్పుడల్లా గాలం కర్ర కొస నీళ్లకు దించాడు. దించితే తల విదిలించినా దారం బిగియదు. అలా మూడుసార్లు ఎగిరింది. గోడ మెట్ల దగ్గరికి వచ్చాక కింది దవడలో బొటనవేలు పెట్టి ఎత్తాడు. నైలాన్ బుగ్గ పలకకు గీసుకుని గరుకు తేలి ఉంది. తెగలేదు.

అప్పలనరసమ్మ ఇంటి త్రాసులో చేప మూడున్నర వీశెలు తూగింది. ఏడుకొండలు అయిదు అన్నాడు.

“త్రాసు ఎదరే పెట్టుకుని ఇలగ సెప్తన్నావు, ఇంక మన మావ సెప్పిన లెక్క ఏటి నమ్మాలన్నియ్యా?” అంది అప్పలనరసమ్మ.

“రక్తం కారిపోనాక తూసినావు. బతికున్నప్పుడు తూసుంటే తెలిసేది.”

ఆమె పెరట్లో చేప తోముతూ తల కోసింది. మొప్పల వెనక, గొంతు మూల, ఏదో తగిలింది. వేలు పెట్టి లాగింది. పచ్చ రబ్బరు, నల్ల చార. ముక్కు కోసిన చిలక. దాన్లో గాలం, గాలానికి నైలాన్ ముక్క, పసుపు రంగుది.

ఏడుకొండలు అప్పుడే విప్పిన చిలకను పక్కన పెట్టి చూశాడు. శనివారంది, ఆదివారంది. రెండూ ఒకే అచ్చు.

“నిన్నటి సేపే,” అన్నాడు.

పద్మిని వచ్చి చూసింది. “నిన్న గాలం తగిలినా ఇయ్యాల మళ్లీ తిన్నాదా మావా?”

“బాగున్నాది గావాల.”

కనకరత్నం సారె తీసుకుని పదకొండు గంటల ఫెర్రీకి వచ్చింది. చేప వాసనకు లోపలికి రాలేదు. ముందు గదిలో, వీధి గుమ్మం పక్కన కూర్చుంది. అక్కడే ఆమెకు పెరుగన్నం పెట్టారు. శనివారం పోయిన చిలక దొరికిన సంగతి ఏడుకొండలు గుమ్మంలోంచి చెప్పాడు.

“కడిగి తీసుకురా,” అంది.

“ఎందుకూ?”

“సీసాలో పెడతాను. ముద్ద తీసేశాను, ఖాళీగా ఉంది.”

లోపల పీట వేశారు. కృష్ణకుమార్‌కు తెలుగు అర్థమవుతుంది, మాటలు తక్కువ. పీట మీద కూర్చుని, పళ్లెంలో తల వైపు చూసి, పద్మిని వైపు చూశాడు.

“మొత్తం తినాలా?” అన్నాడు.

“కళ్లు ముందు,” అంది అప్పలనరసమ్మ. “కష్టంగుంటే వొద్దులే బాబూ, ఒక ముద్ద ముట్టుకుంటే సాలు.”

“యబాదే, అత్తమ్మా,” అన్నాడు. పర్వాలేదని. చెంచా అడిగాడు. చేత్తో తినాలన్నారు. చేత్తో తిన్నాడు. రెండు కళ్లూ తిన్నాడు, బుగ్గల కండ తిన్నాడు, ఎముకలు పళ్లెం అంచున వరసగా పెట్టాడు. బుగ్గ పలక తీసి అంచు మీద వేలు రాసి చూశాడు. వేలు తెగింది. పద్మిని పసుపు తెచ్చింది.

“మెకానిక్కువి గదా, అంచుందని తెల్దా?” అన్నాడు ఏడుకొండలు.

“మావయ్యా, ఇది స్టీల్ కాదు కదా అనుకున్నాను.”

ముందు గదిలోంచి కనకరత్నం అడిగింది: “ఏమయింది?”

“ఏటీ నేదప్పా. అల్లుడు ఇంటోడైపోనాడు.”

సోమవారం ఉదయం బస్సు బయల్దేరింది. లైంగ్‌థార్యార్ దాటాక చెక్‌పోస్ట్‌లో అందరినీ దించి సంచులు విప్పించారు. సారె సంచిలో నాలుగు పంచదార చిలకలున్నాయి. ఒకటి చెక్‌పోస్ట్‌లో ఉండిపోయింది. మధ్యాహ్నం పద్మిని తల్లికి ఫోన్ చేసింది. బస్సు పతేన్ చేరింది. చిలకలు మూడున్నాయి.